రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు లోపల ఏం జరుగుతుంది? – తరచుగా అడిగే ప్రశ్నలు

రిపోర్టులో ‘స్కెలెటల్ మెటాస్టాసిస్’ (క్యాన్సర్ ఎముకలకు పాకడం) అన్న మాట కనబడితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. మర్నాడు డాక్టరు గదిలో దొరికే కాసేపు మందులు, స్కాన్లు, ఖర్చుల మాటలతోనే గడిచిపోతుంది. అసలు లోపల ఏం జరుగుతోందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. దానికి జవాబు తెలిస్తే ఏ ఇంజెక్షన్ ఎందుకు ఇస్తున్నారో, ఏ నొప్పిని వెంటనే పట్టించుకోవాలో తెలుస్తుంది. పేషెంట్లు, ఇంట్లోవాళ్లు అడిగేవీ, జీవశాస్త్రం చదివే విద్యార్థులు అడిగేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. వైద్యం గురించిన నిర్ణయాలు మాత్రం మీ కేసు చూస్తున్న డాక్టరుతో మాట్లాడి తీసుకోవాల్సినవే.

రొమ్ములో మొదలైంది ఎముకలో కనబడితే అది ఎముక క్యాన్సరా?

కాదు. ఎముక క్యాన్సర్ అంటే ఎముక కణాలే గాడి తప్పడం. ఆస్టియోసార్కోమా లాంటివి ఆ కోవలోకి వస్తాయి. ఇక్కడ ఎముకలో కూర్చున్నవి రొమ్ము కణాలు. బయాప్సీ తీసి చూస్తే రొమ్ము కణాల లక్షణాలే కనిపిస్తాయి, కణం మీద సంకేతాలు అందుకునే ప్రొటీన్ల (రిసెప్టర్ల) పరీక్షలు, అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈఆర్), హెర్2 పరీక్షలు, వాటిమీదే చేస్తారు. అందుకే మందులు కూడా రొమ్ము క్యాన్సర్‌వే వాడతారు. వీలైన చోట ఎముక నుంచి ముక్క తీసి మళ్లీ పరీక్షించమనడానికి ఇంకో కారణం ఉంది: మొదటి గడ్డలో ఉన్న రిసెప్టర్లు కొందరిలో తర్వాత మారిపోతాయి. పాత రిపోర్టు పట్టుకుని మందు ఎంచుకుంటే అది గురి తప్పవచ్చు.

క్యాన్సర్ ఎముకను తినేస్తోంది అంటారు. నిజంగానే తింటుందా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. రొమ్ము క్యాన్సర్ కణం తనంత తాను ఎముకను దాదాపుగా కరిగించలేదు. ఎముకను కరిగించే కణాలు మన ఒంట్లో ముందే ఉన్నాయి. వాటి పేరు ఆస్టియోక్లాస్ట్‌లు. క్యాన్సర్ కణం చేసేదల్లా వాటిని రెచ్చగొట్టి, అవసరానికి మించి పని చేయించడం. రిపోర్టులో కనబడే గుంతలు, విరిగిన వెన్నుపూస, రక్తంలో పెరిగిన కాల్షియం చాలావరకు ఈ సొంత కణాల పనే.

తేడా చిన్నదిగా కనబడవచ్చు గానీ వైద్యమంతా దాని మీదే ఆధారపడింది. క్యాన్సర్ కణాన్ని చంపే మందు ఒకవైపు, ఆస్టియోక్లాస్ట్‌ను ఆపే మందు ఇంకోవైపు, రెండూ కలిపి ఇవ్వడానికి కారణం ఇదే.

ఆరోగ్యంగా ఉన్న ఎముకలో ఈ కణాలకు పనేముంటుంది?

చాలా ఉంటుంది. పెద్దవాళ్లలో ఏడాదికి ఇంచుమించు పదో వంతు అస్థిపంజరం కొత్తదవుతుంది. పాతబడిన, సన్నటి పగుళ్లు వచ్చిన చోటును గుర్తించేవి ఆస్టియోసైట్‌లు. ఎముక కణాల్లో 90 శాతానికి పైగా ఇవే, గట్టి ఎముక లోపల చిన్న చిన్న గదుల్లో ఉంటాయి, సన్నని పోగుల్లాంటి చేతులతో ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. బాగుచేయాల్సిన చోటును ఇవి సంకేతాలతో తెలియజేస్తే ఆస్టియోక్లాస్ట్‌లు వస్తాయి.

ఆస్టియోక్లాస్ట్ రక్తకణాల వంశానికి చెందింది. మోనోసైట్ జాతి కణాలు కొన్ని కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న ఒక పెద్ద కణంగా మారతాయి. అది ఎముక మీద అతుక్కుని అంచు చుట్టూ గట్టిగా సీలు వేసుకుంటుంది. ఆ సీలు లోపలి జాగాలోకి ముందు ఆమ్లం పంపుతుంది, ఖనిజం కరుగుతుంది. తర్వాత కెథెప్సిన్-కె అనే ఎంజైమును వదిలితే, మిగిలిన కొల్లాజెన్ పోగులు తెగిపోతాయి. కణం పక్కకు జరిగాక అక్కడ చిన్న గుంత మిగులుతుంది. ఇదంతా రెండు మూడు వారాల పని. ఆ గుంతను పూడ్చేది ఆస్టియోబ్లాస్ట్, ఎముకను కట్టే కణం. దీనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. కరిగించడం త్వరగా, కట్టడం నిదానంగా జరుగుతుందన్న మాట గుర్తుంచుకోండి. క్యాన్సర్ వచ్చి కరిగించే వేగాన్ని పెంచినప్పుడు, కట్టే కణాలు ఎందుకు వెనకబడిపోతాయో దీంతోనే తెలుస్తుంది.

ఈ రెండు పనుల మధ్య తూకం నిలిపేవి ప్రధానంగా రెండు ప్రొటీన్లు. ర్యాంక్ లైగాండ్ అనేది ఆస్టియోక్లాస్ట్‌లు తయారవడానికి, బతకడానికి అవసరం. ఆస్టియోప్రొటెజెరిన్ దాన్ని పట్టుకుని పని చేయనివ్వదు. రెండూ ఆస్టియోబ్లాస్ట్ జాతి కణాల నుంచీ ఆస్టియోసైట్‌ల నుంచీ వస్తాయి. 1997, 98లలో వీటిని గుర్తించడంతో ఎముక జీవశాస్త్రం దారే మారిపోయింది. ఇప్పుడు వాడే డెనోసుమాబ్ నేరుగా ఆ పరిశోధన నుంచి పుట్టిన మందు.

రొమ్ములో ఉన్న కణం ఎముక దాకా ఎలా వెళ్తుంది?

గడ్డలోని కొన్ని కణాలు పక్క కణాలతో ఉన్న అతుకును వదులుకుని, కదిలే స్వభావం తెచ్చుకుంటాయి. చుట్టూ ఉన్న కణజాలాన్ని ఎంజైములతో చీల్చుకుని రక్తనాళంలోకో శోషరస నాళంలోకో దిగుతాయి. రక్తంలోకి వచ్చినవాటిలో అత్యధిక శాతం అక్కడే చచ్చిపోతాయి. రక్తప్రవాహపు ఒరిపిడి, రోగనిరోధక కణాలు వాటిని బతకనివ్వవు. బతికిన కొద్ది కణాలూ ఎక్కడో ఒకచోట గోడ దాటి బయటికి రావాలి, అక్కడ నిలదొక్కుకోవాలి. ఇన్ని గడపలు దాటేవి బహు కొద్ది.

2005లో 4,703 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల వివరాలు కలిపి చూసినప్పుడు, జబ్బు బయటపడిన సమయానికే 30.6 శాతం మంది ఎముక మూలుగలో విడి క్యాన్సర్ కణాలు దొరికాయి. వీళ్లకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువే, కానీ వీళ్లందరికీ ఎముకల్లో గడ్డలు రాలేదు. ఎముక దాకా చేరడం వేరు, అక్కడ పెరగడం వేరు.

అన్ని చోట్లు ఉండగా ఎముకే ఎందుకు?

ఈ ప్రశ్న వేసి జవాబు వెతికినవాడు లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్. 1889లో లాన్సెట్ పత్రికలో, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల రికార్డులు ముందు పెట్టుకుని రాశాడు. రక్తం బాగా అందే ప్లీహంలో గడ్డలు అరుదుగా ఉన్నాయి. కాలేయంలో, కొన్ని ఎముకల్లో ఎక్కువగా ఉన్నాయి. రక్తం ఎటు తీసుకెళ్తే అటు అన్నదే నిజమైతే ఇలా ఉండకూడదు. విత్తనం ఎటైనా పడుతుంది, తనకు నచ్చిన నేలలోనే మొలుస్తుంది అని ఆయన వాదన. తర్వాత అమెరికా పాథాలజిస్టు జేమ్స్ యూయింగ్ దీన్ని ఒప్పుకోలేదు. రక్తనాళాల దారులే చాలు అన్నాడు. 1940లో ఆస్కార్ బాట్సన్ వెన్నెముక చుట్టూ కవాటాలు లేని సిరల వల ఉందని, దగ్గినప్పుడు ముక్కినప్పుడు రక్తం అందులో ఎటైనా పోగలదని చూపించాడు. వెన్నుపూసలు, తుంటి, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగం ఎక్కువగా దెబ్బతినడానికి ఇదొక కారణం. ఎర్ర మూలుగ ఎక్కువగా ఉండేది కూడా ఈ ఎముకల్లోనే.

నా దృష్టిలో పేజెట్, యూయింగ్ ఇద్దరూ సరైనవాళ్లే, కానీ పేజెట్ వేసిన ప్రశ్న లోతైనది. 2001లో తేలిందేమిటంటే, రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టర్ ఎక్కువగా ఉంటుంది. దాన్ని పిలిచే సీఎక్స్‌సీఎల్12 అనే సంకేతం ఎముక మూలుగలో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో ఎక్కువగా తయారవుతుంది. మూలుగలో ఈ సంకేతం అసలు పని రక్త మూలకణాలను తమ చోట నిలిపి ఉంచడం. క్యాన్సర్ కణం ఆ జాగాలోకే దూరుతుంది.

రొమ్ముకూ ఎముకకూ ముందునుంచీ ఏదైనా సంబంధం ఉందా?

ఉంది. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. బిడ్డకు పాలిస్తున్న తల్లికి రోజూ పాలలోకి కాల్షియం కావాలి. అది తిన్న తిండి నుంచే కాదు, ఆమె ఎముకల నుంచి కూడా వస్తుంది. పాలిచ్చే రోజుల్లో రొమ్ము కణాలు పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రొటీన్‌ను రక్తంలోకి పంపుతాయి. ఆ సమయంలో ఈస్ట్రోజెన్ కూడా తగ్గి ఉంటుంది. రెండూ కలిసి ఎముకను కరిగించి కాల్షియాన్ని బయటికి తెస్తాయి. ఆరు నెలలు పాలిస్తే వెన్నుపూసల సాంద్రత కొన్ని శాతాలు తగ్గుతుంది, పాలు మాన్పించాక నెలల్లో మళ్లీ చేరుకుంటుంది. కాబట్టి పాలిచ్చే తల్లులు భయపడాల్సిందేమీ లేదు. పాలివ్వడం రొమ్ము క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది కూడా.

ఈ పీటీహెచ్‌ఆర్‌పీని మాత్రం 1987లో కనుక్కున్నది పాలిచ్చే తల్లుల్లో కాదు. క్యాన్సర్ పేషెంట్ల రక్తంలో కాల్షియం ఎందుకు పెరుగుతోందని వెతుకుతుంటే అది దొరికింది. బిడ్డ కోసం ప్రకృతి పెట్టిన ఏర్పాటును రొమ్ము నుంచి పుట్టిన క్యాన్సర్ కణం ఎముకలో కూర్చుని వాడుకుంటోంది.

‘విషవలయం’ అని చదివాను. అదేమిటి?

ఎముకలో నిలదొక్కుకున్న క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీని, ఇంటర్‌ల్యూకిన్-11 లాంటి మరికొన్ని పదార్థాలను వదులుతుంది. అవి ఆస్టియోబ్లాస్ట్ జాతి కణాలకు తగిలితే, ఆ కణాలు ర్యాంక్ లైగాండ్‌ను ఎక్కువగా, ఆస్టియోప్రొటెజెరిన్‌ను తక్కువగా తయారుచేస్తాయి. దాంతో ఆస్టియోక్లాస్ట్‌లు పెరుగుతాయి, ఎముక కరుగుతుంది.

కథ అక్కడితో ఆగదు. ఎముకలో ఖనిజంతో పాటు వృద్ధి కారకాలు కూడా నిల్వ ఉంటాయి. టీజీఎఫ్-బీటా, ఐజీఎఫ్ వాటిలో ముఖ్యమైనవి. మామూలుగా అయితే ఎముక కరిగినప్పుడు బయటపడి, కొత్త ఎముక కట్టడానికి పనికొస్తాయి. పక్కనే క్యాన్సర్ కణం ఉంటే అది వాటిని అందుకుంటుంది. టీజీఎఫ్-బీటా తగిలితే పీటీహెచ్‌ఆర్‌పీ ఇంకా ఎక్కువ వస్తుంది, దాంతో ఎముక ఇంకా కరుగుతుంది, ఇంకా వృద్ధి కారకాలు విడుదలవుతాయి. గ్రెగరీ ముండీ, థెరిసా గైజ్ బృందం 1990లలో ఎలుకల మీద దీన్ని మెట్టు మెట్టుగా చూపించింది. పీటీహెచ్‌ఆర్‌పీని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే ఎముక గుంతలు తగ్గాయి. టీజీఎఫ్-బీటా సంకేతం అందుకోలేని క్యాన్సర్ కణాలు ఎక్కించినా తగ్గాయి. ఏ మెట్టు దగ్గర తెంచినా వలయం బలహీనపడింది.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఎండీఏ-ఎంబీ-231 అనే ఒక కణశ్రేణి (ల్యాబ్‌లో పెంచే క్యాన్సర్ కణాల వంశం) మీద జరిగాయి. అది ఈఆర్ లేని రకం. కానీ మనుషుల్లో ఎముకలకు ఎక్కువగా పాకేది ఈఆర్ ఉన్న రకం. ఎలుక గుండెలోకి నేరుగా కణాలను ఎక్కిస్తే కొన్ని వారాల్లో ఎముకలు దెబ్బతింటాయి, మనుషుల్లో అదే ఏళ్ల వ్యవహారం. వలయం నిజమే, మందులు అది నిజమని రుజువు చేశాయి. ఎలుకలో వచ్చిన ప్రతి ఫలితాన్నీ మనిషికి అంటగట్టకూడదంతే.

అమ్మకు ఆపరేషన్ అయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ఎముకలో వచ్చిందంటున్నారు. ఇన్నాళ్లూ అది ఎక్కడుంది?

చాలావరకు ఎముక మూలుగలోనే, విభజన చెందకుండా. మూలుగలో రక్తనాళాల పక్కన, ఎముక లోపలి అంచున కొన్ని జాగాలు కణాలను నిద్రాణంగా ఉంచుతాయి. కీమో ప్రధానంగా విభజన చెందే కణాలనే చంపుతుంది కాబట్టి నిద్రాణంగా ఉన్నవి తప్పించుకుంటాయి. మళ్లీ ఎందుకు మేలుకుంటాయో పూర్తి చిత్రం ఇంకా సిద్ధం కాలేదు, కొన్ని దారులు మాత్రం తెలిశాయి. 2011లో ప్రిన్స్‌టన్‌లో యిబిన్ కాంగ్ బృందం చూపించిన దాని ప్రకారం, నిద్రాణ కణాల్లో కొన్ని వీక్యామ్-1 అనే ప్రొటీన్‌ను తమ ఉపరితలం మీదికి తెచ్చుకుంటాయి. దానికి ఆస్టియోక్లాస్ట్‌గా మారబోయే కణాలు వచ్చి అతుక్కుంటాయి. చిన్న గుంపు అలా వలయంలోకి అడుగుపెడుతుంది.

ఈఆర్ ఉన్న రొమ్ము క్యాన్సర్‌లో ఈ ఆలస్యం మామూలే. ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వాడి, అప్పటికి జబ్బు లేకుండా ఉన్నవాళ్లను 20వ ఏడు వరకు గమనిస్తే, దూరపు అవయవాల్లో తిరగబెట్టే అవకాశం మొదటి గడ్డ సైజును బట్టీ చంకలోని గ్రంథులను బట్టీ 13 శాతం నుంచి 41 శాతం దాకా ఉందని 2017లో వెలువడిన పెద్ద విశ్లేషణ తేల్చింది. మీ అమ్మగారు మాత్రలు సరిగా వేసుకోలేదనో, తిండి విషయంలో తప్పు జరిగిందనో మిమ్మల్ని మీరు నిందించుకోకండి. శ్రద్ధగా వాడినవాళ్లకూ వస్తుంది.

ఏ రకం రొమ్ము క్యాన్సర్ ఎముకలకు ఎక్కువగా పాకుతుంది?

ఈఆర్ ఉన్న రకం. ట్రిపుల్ నెగటివ్ రకం (ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్లు, హెర్2 మూడూ లేనిది) ఊపిరితిత్తులు, మెదడు వైపు ఎక్కువ మొగ్గుతుంది, ఎముకలకూ పోవచ్చు. మొత్తం మీద, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లలో పది మందిలో దాదాపు ఏడుగురికి ఏదో ఒక దశలో ఎముకలు దెబ్బతింటాయి.

‘లైటిక్’, ‘స్క్లెరోటిక్’ అని రాశారు. తేడా ఏమిటి?

లైటిక్ అంటే ఎముక కరిగిన చోటు, ఎక్స్‌రేలో నల్లగా కనిపిస్తుంది. స్క్లెరోటిక్ లేదా బ్లాస్టిక్ అంటే అడ్డదిడ్డంగా కొత్త ఎముక పేరుకున్న చోటు, తెల్లగా కనిపిస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో రెండోది ఎక్కువ. రొమ్ము క్యాన్సర్‌లో మొదటిదే ఎక్కువ, చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. తెల్లగా ఉందని గట్టిగా ఉన్నట్టు కాదు, ఆ ఎముక అల్లిక సరిగా ఉండదు. అలాగే వైద్యం మొదలయ్యాక నల్లటి మచ్చ తెల్లబడితే అది తరచుగా మానుతున్న గుర్తు. కాబట్టి ‘స్క్లెరోసిస్ పెరిగింది’ అన్న వాక్యం చూడగానే కంగారు పడకండి.

ఎక్స్‌రే నార్మల్ అన్నారు, కానీ నొప్పి తగ్గడం లేదు. ఎక్స్‌రే చాలదా?

చాలదు. ఎముకలో ఖనిజం మూడో వంతు నుంచి సగం దాకా పోతే గానీ మామూలు ఎక్స్‌రేలో పట్టుబడదు. వెన్నెముక ఎక్స్‌రేను ఎదురుగా చూస్తే ప్రతి వెన్నుపూసకూ రెండు పక్కలా పెడికిల్‌లు (దాని ముందు, వెనక భాగాలను కలిపే చిన్న ఎముక ముక్కలు) రెండు గుండ్రటి కళ్లలా కనిపిస్తాయి. ఒక కన్ను మాయమైతే దాన్ని రేడియాలజిస్టులు కన్నుకొట్టే గుడ్లగూబ అంటారు. నడుంనొప్పి అని తీసిన ఎక్స్‌రేలో ఆ ఒక్క కన్ను లేకపోవడం వల్లే జబ్బు బయటపడ్డవాళ్లున్నారు. కానీ అప్పటికే చాలా ఎముక పోయి ఉంటుంది.

బోన్ స్కాన్‌లో ఇచ్చే టెక్నీషియం మందు క్యాన్సర్‌ను చూపించదు. ఎముకను కట్టే కణాలు చురుగ్గా ఉన్న చోట చేరుతుంది. అందుకే పాత దెబ్బలు, కీళ్ల అరుగుదల కూడా వెలుగుతాయి. కట్టడమే జరగకుండా పూర్తిగా కరిగిన చోటు కొన్నిసార్లు తప్పిపోతుంది. వైద్యం మొదలైన తొలి నెలల్లో మానుతున్న ఎముకే మరింత వెలిగి, జబ్బు పెరిగినట్టు భ్రమ కలిగించవచ్చు. ఎంఆర్‌ఐ మూలుగలోని మార్పును ముందే పడుతుంది, పెట్ సీటీ క్యాన్సర్ కణాల చురుకును చూపిస్తుంది. ఏది ఎప్పుడు తీయాలన్నది కేసును బట్టి ఉంటుంది.

మాది నల్లగొండ వైపు. ఎముకలు తెల్లగా ఉన్నాయంటే అది ఫ్లోరైడ్ వల్ల కూడా అయి ఉండవచ్చా?

ఉండవచ్చు, మంచి ప్రశ్న. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లున్నారు. ఫ్లోరైడ్ ఆస్టియోబ్లాస్ట్‌లను ప్రేరేపిస్తుంది. ఎముకలు దట్టంగా, తెల్లగా తయారవుతాయి, లిగమెంట్లలో కూడా కాల్షియం పేరుకుంటుంది. బోన్ స్కాన్‌లో అస్థిపంజరమంతా వెలుగుతుంది, ఎముకలన్నిటికీ క్యాన్సర్ పాకినప్పుడు కూడా అలాగే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ ఉన్న మనిషికి ఇలాంటి చోట స్కాన్ తీస్తే పొరబడే అవకాశం ఉంది. మీరు పుట్టి పెరిగిన ఊరు, తాగిన నీళ్లు, పళ్ల మీద గోధుమ రంగు చారలు, మెడ నడుము బిగుసుకుపోవడం ఉంటే డాక్టరుకు అడగకపోయినా చెప్పండి. అనుమానం ఉంటే బయాప్సీ తేలుస్తుంది.

రక్తంలో కాల్షియం పెరిగిందన్నారు. కాల్షియం మాత్రల వల్లనా?

సాధారణంగా కాదు. ఎముకలు కరగడం వల్లా, పీటీహెచ్‌ఆర్‌పీ మూత్రపిండాలను కాల్షియం బయటికి పోనివ్వకుండా చేయడం వల్లా పెరుగుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, మగత, తికమకగా మాట్లాడటం దీని గుర్తులు. ఇంట్లోవాళ్లు దీన్ని నీరసమనో వయసనో సరిపెట్టుకుంటారు. ఇది వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పరిస్థితి. సెలైన్, ఎముక కరగడాన్ని ఆపే మందులతో చాలామంది తేరుకుంటారు. మాత్రలు ఆపాలా వద్దా అన్నది అప్పుడు డాక్టరు చెప్తారు.

జొలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఏం చేస్తాయి?

జొలెడ్రోనిక్ యాసిడ్ బిస్‌ఫాస్ఫొనేట్ జాతి మందు. ఎముక ఖనిజానికి అతుక్కుని కూర్చుంటుంది. ఆస్టియోక్లాస్ట్ ఆ ఎముకను కరిగించినప్పుడు మందు దాని లోపలికి పోతుంది, కణం బతకడానికి అవసరమైన ఒక ఎంజైమును ఆపేస్తుంది. అంటే ఎక్కువగా కరిగించే కణానికే మందు ఎక్కువగా అందుతుంది. 4 మిల్లీగ్రాములు సిరలోకి కనీసం పావుగంట పాటు ఎక్కిస్తారు. నెలకోసారి కాకుండా మూడు నెలలకోసారి ఇచ్చినా ఎముక సమస్యల విషయంలో ఫలితం తగ్గలేదని 2017లో వచ్చిన పెద్ద ట్రయల్ చూపింది. దూరం నుంచి బస్సెక్కి వచ్చే పేషెంట్లకు ఇది చాలా పెద్ద ఊరట. మీకు ఆ పద్ధతి కుదురుతుందేమో అడగండి.

డెనోసుమాబ్ ర్యాంక్ లైగాండ్‌ను పట్టుకునే యాంటీబాడీ, ఆస్టియోప్రొటెజెరిన్ సహజంగా చేసే పనే చేస్తుంది. 120 మిల్లీగ్రాములు చర్మం కింద, నాలుగు వారాలకోసారి. 2010లో ప్రచురించిన పోలికలో ఎముక విరగడం లాంటి మొదటి సమస్యను ఇది జొలెడ్రోనిక్ యాసిడ్ కన్నా 18 శాతం మెరుగ్గా వాయిదా వేసింది, ఆయుష్షులో మాత్రం తేడా రాలేదు. జొలెడ్రోనిక్ యాసిడ్ ధర చాలా తక్కువ. చేతిలో డబ్బు చూసుకోవాల్సిన కుటుంబం దాన్ని ఎంచుకుంటే నాసిరకం వైద్యం తీసుకున్నట్టు అస్సలు కాదు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు డెనోసుమాబ్ అనుకూలం, అయితే కాల్షియం పడిపోకుండా చూసుకోవాలి. డెనోసుమాబ్‌ను చెప్పాపెట్టకుండా మానేస్తే ఆస్టియోక్లాస్ట్‌లు ఒక్కసారిగా విజృంభించి వెన్నుపూసలు విరగవచ్చు. మానాలంటే డాక్టరుతో మాట్లాడి, బదులు మందు ఏర్పాటు చేసుకున్నాకే.

ఇంజెక్షన్‌కు ముందు పళ్ల డాక్టరు దగ్గరికి ఎందుకు పంపుతున్నారు?

ఈ మందులు వాడేవాళ్లలో నూటికి ఒకరిద్దరికి దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోతుంది. ఎక్కువగా పన్ను పీకించిన తర్వాత ఇలా అవుతుంది. పీకాల్సిన పన్ను ఏదైనా ఉంటే ముందే పీకించి, పుండు మానాక ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. తర్వాత ఏ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ఈ మందు పేరు చెప్పండి.

ఎముకలకు పాకకముందే ఈ మందులు ఇచ్చి ఆపవచ్చా?

కొందరిలో కొంతవరకు. 18,766 మంది మహిళల వివరాలతో 2015లో వచ్చిన విశ్లేషణలో, ముట్లుడిగినవాళ్లకు బిస్‌ఫాస్ఫొనేట్‌లు ఇస్తే ఎముకల్లో తిరగబెట్టడం 28 శాతం, రొమ్ము క్యాన్సర్ మరణాలు 18 శాతం తగ్గాయి. ముట్లు ఆగనివాళ్లలో స్పష్టమైన లాభం కనబడలేదు. డెనోసుమాబ్‌తో 2020లో ఫలితాలు వచ్చిన పెద్ద ట్రయల్‌లో ఇలాంటి లాభం రాలేదు. రెండు మందులూ ఆస్టియోక్లాస్ట్‌నే ఆపుతున్నా ఫలితం ఎందుకు వేరైందన్నది పరిశోధకులకు ఇప్పటికీ పెద్ద ప్రశ్నే. నిద్రాణ కణాలు ఉండే జాగాకు, ఈస్ట్రోజెన్ స్థాయికి ఏదో లంకె ఉందని చాలామంది అనుమానం.

లెట్రోజోల్ వాడుతుంటే ఎముకలు పలచబడ్డాయన్నారు. జబ్బు పాకినట్టా?

కాదు, అది వేరు. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ను బాగా తగ్గిస్తాయి. ఈస్ట్రోజెన్ ఆస్టియోక్లాస్ట్‌లను అదుపులో పెట్టే హార్మోన్, అది పోతే ఎముక అంతటా సాంద్రత తగ్గుతుంది. డెక్సా స్కాన్‌లో తెలుస్తుంది. నడక, కాల్షియం, విటమిన్ డి, అవసరమైతే పైన చెప్పిన మందులే తక్కువ తరచుదనంతో ఇస్తారు. ఆ భయంతో లెట్రోజోల్‌ను మాత్రం సొంతంగా మానేయకండి.

ఎముకలకు పాకితే ఇక ఏమీ చేయలేరా?

చేయగలిగింది చాలా ఉంది. పూర్తిగా నయం కావడం సాధారణంగా సాధ్యం కాదు, ఆ నిజం దాచకూడదు. కానీ ఎముకలకు మాత్రమే పాకి, ఈఆర్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి పనులు చేసుకుంటూ బతుకుతున్నారు. హార్మోన్ మందులకు సీడీకే4/6 నిరోధకాలు (క్యాన్సర్ కణాల విభజనను ఆపే మాత్రలు) తోడయ్యాక పరిస్థితి ఇంకా మెరుగైంది. లెట్రోజోల్‌తో వాటిలో ఒకటైన రైబోసైక్లిబ్ కలిపిన ట్రయల్‌లో జీవితకాలపు మధ్య విలువ (సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికిన గడువు) 51 నెలల నుంచి దాదాపు 64 నెలలకు పెరిగింది. అదే జాతి మందు పాల్బోసైక్లిబ్ పేటెంట్ 2023లో ముగియడంతో మన దేశంలో జనరిక్‌లు వచ్చి ధర బాగా దిగింది. ఆసుపత్రి ఆరోగ్యశ్రీ కౌంటర్లో మీకు రాసిన మందు పథకంలో ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి.

 

చెయ్యి దానంతటదే విరిగింది. పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుందా?

ఆరోగ్యమైన ఎముక విరగడం వేరు, గడ్డ ఉన్న చోట విరగడం వేరు. విరిగిన అంచుల మధ్య క్యాన్సర్ కణాలు, వాటి వెంట ఆస్టియోక్లాస్ట్‌లు ఉన్నంతకాలం ఒట్టి కట్టుతో అతకడం కష్టం. లోపల రాడ్డు వేసి, తర్వాత రేడియేషన్ ఇస్తారు. క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లకు చిన్న దెబ్బకే ఎముక విరిగితే కట్టు, నూనె మర్దనాల జోలికి పోకుండా ముందు ఆంకాలజిస్టుకు చూపించండి.

నొప్పి భరించలేకపోతున్నారు. ఏం చేయవచ్చు?

నొప్పి ఓర్చుకోవాల్సిన పని లేదు, దీని విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆస్టియోక్లాస్ట్ వదిలే ఆమ్లం నరాల కొనలను రేపుతుంది, బలహీనపడ్డ ఎముక కదిలినప్పుడల్లా నొప్పి తోడవుతుంది. ఒక్కసారి 8 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇస్తే చాలామందికి కొన్ని వారాల్లో నొప్పి తగ్గుతుంది. నొప్పి తగ్గించడంలో అది పది రోజుల కోర్సుకు తీసిపోదు, అయితే కొందరికి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. మార్ఫిన్ మాత్రలంటే భయపడేవాళ్లు ఎక్కువ. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనంగా మారడం అరుదు. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించి, వైద్యానికి మార్ఫిన్ దొరకడాన్ని సులువు చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. ‘నొప్పికి వేరే డాక్టరును చూడవచ్చా’ అని అడగడానికి మొహమాటపడకండి.

ఆపరేషన్ అయినవాళ్లకు నడుం నొప్పి వచ్చిన ప్రతిసారీ స్కాన్ తీయించాలా?

అక్కర్లేదు. లక్షణాలు లేనివాళ్లకు ఏటా బోన్ స్కాన్, పెట్ స్కాన్ తీయడం వల్ల ఆయుష్షు పెరగలేదని తేలింది. ఏటా మామోగ్రామ్, డాక్టరు పరీక్ష చాలు. బరువెత్తితేనో బస్సులో కుదుపులకో వచ్చి పది రోజుల్లో తగ్గే నొప్పి సాధారణమే. ఒకే చోట ఉండి వారం వారం పెరిగేది, పడుకున్నా తగ్గనిది, రాత్రి నిద్రలేపేది డాక్టరుకు చూపించాలి, ఆపరేషన్ అయి ఇరవై ఏళ్లయినా సరే.

కాళ్లలో పట్టు తగ్గడం, తిమ్మిరి పైకి పాకడం, నడుముకు పట్టీ బిగించినట్టుండటం, మూత్రం బంధించడం లేదా తెలియకుండా పోవడం – వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగకండి. వెన్నుపాము నొక్కుకుపోతోందని అర్థం. ఆ రాత్రే ఎంఆర్‌ఐ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, ‘రొమ్ము క్యాన్సర్ ఉన్న మనిషి, కాళ్లు పడిపోతున్నాయి’ అని ఎమర్జెన్సీలో మొదటి మాటగా చెప్పండి. నడవగలిగే స్థితిలో వైద్యం మొదలైనవాళ్లలో ఎక్కువమంది నడుస్తూనే ఇంటికి వెళ్తారు.